హోస్టస్ ఇచ్చిన మాట

రోములో ఊరినీ సైన్యాన్నీ ఏడాదిపాటు నడిపే కాన్సల్ బయటికి కదిలితే ఆయన ముందు పన్నెండుమంది బెత్తాలవాళ్ళం బారుగా నడవాలి. బెత్తాల కట్ట భుజాన ఉంటుంది, ఊరు దాటగానే ఆ కట్టలోకి గొడ్డలి కూడా చేరుతుంది. ఆ బారులో కాన్సల్‌కు అందరికంటే దగ్గరగా ఉండేవాడు ఆఖరివాడు. హోస్టస్ వెలీనియస్ కాన్సల్‌గా ఉన్న మూడుసార్లూ ఆ ఆఖరివాణ్ణి నేనే. నా పేరు వొలేరో. ఆయన తన భార్య మొహం కంటే నా వీపునే ఎక్కువ చూశాడని మావాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆయన పెద్దింటి మనిషి. అయినా సామాన్యులకు ఆయనంటే ఒక గురి. కుర్రతనంలో ఏదో పోరులో ఆయన గుర్రం దిగి, తొడ తెగిన ఒక కుమ్మరిని భుజాన వేసుకుని శిబిరం దాకా మోసుకొచ్చాడు. ఆ కుమ్మరి దారిలోనే ప్రాణం విడిచాడు. ఆ సంగతి తెలిసీ ఆయన దించలేదు. జనం దాన్ని పెద్ద మనసు అన్నారు. నాతో మాత్రం ఒకసారి, "దించి ఉంటే అక్కడే కూలబడిపోయేవాణ్ణి వొలేరో, అందుకే దించలేదు" అన్నాడు.

మొదటిసారి కాన్సల్ అయిన ఏడాది వోల్స్కీలనే పొరుగు తెగవాళ్ళు కొండలు దిగి మన పల్లెల మీద పడ్డారు. సైన్యంలో చేర్చుకోవడానికి బజారు మైదానంలో పేర్లు పిలవడం మొదలుపెట్టాం. ఒక్కడూ పలకలేదు. పిలిచినవాడు కళ్ళెదుటే నిలబడి ఉంటాడు, చేతులు కట్టుకుని ఆకాశం చూస్తుంటాడు.

"పలకరేంరా? నోళ్ళు పడిపోయాయా?" అని అరిచాను.

గుంపులోంచి ఒక చాకలి తిరిగి అరిచాడు. "మేం పోయి చావాలి, గెలిచిన నేలలో మీ దొరల గొర్రెలు మేయాలి. అంతేగా! గొర్రెల్నే పిలవండి, అవి పలుకుతాయి."

జనమంతా గొర్రెల్లా అరవడం మొదలుపెట్టారు. నాకే నవ్వొచ్చింది, మొహం తిప్పుకున్నాను.

అప్పుడు పెద్దల సభ మెట్ల మీంచి పోస్టుమస్ గ్రాంటియస్ కిందికి దిగి వచ్చాడు. సభలో ఆయనే అందరికంటే పెద్దవాడు. మొహం ఎండిన అత్తిపండులా ఉండేది, గొంతు మాత్రం తేనె. హోస్టస్ భుజం మీద చెయ్యి వేశాడు. "నాయనా, వీళ్ళు మా మాట వినరు. నీ మాట వింటారు. ఒర్టెలా పడితే అక్కడి నేల పంచుతామని చెప్పు. సభ నీ వెనకే ఉంటుంది."

ఒర్టెలా అంటే వోల్స్కీల కొండ ఊరు. దాని కింద నల్లటి నేల, పక్కనే ఊట. అటువైపు ఒక్కసారి నడిచినవాడికెవడికైనా ఆ నేల కలలోకి వస్తుంది.

హోస్టస్ అరుగెక్కి నిలబడ్డాడు. ఆయనకు పెద్దగా మాట్లాడటం రాదు. "ఒర్టెలా పడితే ఆ నేల మీది. మాట నాది" అన్నాడు. అంతే. గొర్రె అరుపులు ఆగిపోయాయి. ఆ చాకలే ముందుకొచ్చి పేరు చెప్పాడు.

ఒర్టెలా పడింది. చాకలి దాని గోడ కిందే పోయాడు. విజయోత్సవం నాడు హోస్టస్ మొహానికి జూపిటర్ దేవుడి విగ్రహంలా ఎర్రరంగు పూసి, రథమెక్కించి ఊరంతా తిప్పారు. ఎండకు రంగు కరిగి మెడ మీదికి కారుతోంది. వెనకనుంచి సైనికులు అలవాటు ప్రకారం ఆయన మీద బూతుపాటలు పాడుతున్నారు. గుడి ఎక్కే మలుపులో, "ఇంకా ఎంత దూరం వొలేరో?" అన్నాడు. ఆ రోజంతా ఆయన నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే.

నేల పంపకం సంగతి సభలోకి వచ్చినప్పుడు గ్రాంటియస్ లేచి, ఆ నేల రోముదనీ, ఏ ఒక్కరికీ పంచే హక్కు సభకు లేదనీ, మేతకు కౌలుకు ఇవ్వడమే న్యాయమనీ చెప్పాడు. తలుపు బయట నిలబడి నేను విన్నాను. హోస్టస్ గొంతు బొంగురుపోయేదాకా వాదించాడు. చివరికి ఆయన గొంతు వినిపించడం మానేసింది. మరుసటి వసంతానికి ఒర్టెలా కింద మొదట దిగిన మంద గ్రాంటియస్‌దే.

నేను ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టాను. భార్య ఒపీలియా మగ్గం ముందు నుంచి లేవకుండానే అంతా వింది.

"మాట ఇచ్చింది ఎవరి నోటితో? గ్రాంటియస్ నోటితోనా?"

"నా నోటితోనే."

"మరి?"

ఆనియో నది ఒడ్డున ఉన్న తన సొంత పొలాన్ని ఒర్టెలా దగ్గర పోయినవాళ్ళ ఇళ్ళకు రాసిచ్చేస్తానన్నాడు ఆయన.

"అత్తి తోట కూడానా?"

"అత్తి తోట కూడా."

"బాగుంది. ఇంకేం మిగిలింది, నేనూ మగ్గమూ. మమ్మల్నీ ఎవరికైనా ఇచ్చేసి రండి" అంది. కోపంగానే అంది. కానీ పొలం అప్పగించిన రోజు ఆమే దగ్గరుండి ఆ చాకలి పెళ్ళానికి ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో చెప్పింది.

ఆ పొలం కొద్దిమందికే సరిపోయింది. మిగతావాళ్ళు దారిలో ఆయన కనిపిస్తే తలవంచి పక్కకు తప్పుకునేవారు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన అనేవాడు.

గొర్రెలకు కాపలా ఎవరుంటారు? గొర్రెల కాపరులే. కొన్నేళ్ళకు వోల్స్కీలు నడిచొచ్చి ఒర్టెలాను మళ్ళీ పట్టుకున్నారు. మళ్ళీ పేర్లు పిలవడం, మళ్ళీ జనం ఆకాశం చూడటం. హోస్టస్‌ను రెండోసారి కాన్సల్‌ను చేశారు. ఈసారి ఆయన సభకు ఎదురు తిరిగాడు.

"నా మాట ఒకసారి వాడేశారు. అరిగిపోయింది" అన్నాడు.

గ్రాంటియస్ అందరి ముందూ బలిపీఠం మీద చెయ్యి పెట్టాడు. "ఈసారి పంచకపోతే నా వంశం నాశనమైపోవాలి. చాలా నాయనా?"

హోస్టస్ నమ్మాడా అంటే చెప్పలేను. నమ్మకపోతే ఇంకేం చేయాలో తోచక నమ్మాడనుకుంటాను. వోల్స్కీలు ఊరి పొలాల్లోకి వచ్చేశారు మరి. మళ్ళీ అరుగెక్కాడు, మళ్ళీ ఆ మాటే చెప్పాడు. జనం వచ్చారు. మొదటిసారిలా కాదు, వానలో పనికి పోయేవాళ్ళలా వచ్చారు.

ఒర్టెలా కింద మైదానంలో మన గుర్రపుదళం వోల్స్కీల వరుసను చీల్చేసింది. వాళ్ళు కొండమీదికి పరుగెత్తుతున్నారు. ఎక్కి తరిమితే ఆ పూటే ఊరు మనది. హోస్టస్ చెయ్యెత్తాడు, బూర ఊదారు. కాల్బలం కదల్లేదు. డాళ్ళు నేలమీద ఆనించి నిలబడిపోయారు. మళ్ళీ ఊదారు. వరుస వరుసంతా రాయిలా ఉంది. పైనుంచి వోల్స్కీలకు అది కనిపించింది. వాళ్ళు తిరిగి వచ్చిపడ్డారు. మనవాళ్ళు వెనక్కి, వెనక్కి నడుస్తూ శిబిరం కూడా వదిలేసుకున్నారు. గుర్రపుదళంలో ముందున్నవాళ్ళు దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. వాళ్ళలో ఒపీలియా తమ్ముడు ఒకడు.

వాగు ఇవతల సైన్యాన్ని నిలబెట్టారు. ఇలాంటిదానికి ఒక శిక్ష ఉంది. చీటీలు తీస్తారు. పదిమందిలో ఒకడు బయటికి వస్తాడు. వాణ్ణి బెత్తాలతో కొట్టి, తర్వాత గొడ్డలి. కొట్టేదీ నరికేదీ మేమే. మాలో కొందరు అప్పటికే కట్టలకున్న తోలుపట్టీలు విప్పారు. నేనూ విప్పాను. వరుసలో మా బావమరిది ఉన్నాడు.

హోస్టస్ వరుస ముందు అటూ ఇటూ నడిచాడు. ఆయన కుడి మోకాలికి ఈటె తగిలింది, గుడ్డ కట్టుకుని కుంటుతున్నాడు. మామెర్కస్ అనే ముసలి దళపతి ముందు ఆగాడు. మొదటిసారి ఒర్టెలా గోడ మీదికి ముందెక్కినవాడు అతనే.

"ఎందుకు ఎక్కలేదు?"

"ఒకసారి ఎక్కాను కదా దొరా."

"మళ్ళీ ఎందుకు ఎక్కలేదని అడుగుతున్నా."

"ఎవరి గొర్రెల కోసం ఎక్కమంటారు? ఆ పేరేదో చెప్పండి, ఎక్కుతాం."

"గ్రాంటియస్ ప్రమాణం చేశాడు."

"ఆయన చేశాడు. తమరు నమ్మారా?"

హోస్టస్ నా వైపు తిరిగాడు.

"కట్టలు కట్టేయండి."

"అయ్యా, శిక్ష..." అన్నాను.

"కట్టేయమన్నాను. ఇంటికి పోదాం. నిలబడే ఓపిక లేదు నాకు."

దాన్ని దయ అనాలో అలసట అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. వరుసలో ఎవరూ జేజేలు కొట్టలేదు. చాలామంది తలలు దించుకున్నారు. తిరుగుదారి పొడవునా ఎవరూ పాట పాడలేదు.

రోములో సభ ఆయన్ని పిరికివాడంది, సైన్యాన్ని చెడగొట్టాడంది. శిక్షపడకుండా బతికినవాళ్ళు కూడా ఆయన పక్కన నిలబడలేదు. నేల ఎటూ గెలవలేదు కాబట్టి పంచే బాధ సభకు తప్పింది. ఒపీలియా తమ్ముడి అస్థికలను ఇంటికి తెచ్చిన రోజు ఆమె ఆయన్ని ఒక్కమాటే అడిగిందట. "వాళ్ళని కొట్టించి ఉంటే వీడు తిరిగొచ్చేవాడా?" రాడని ఆయన అన్నాడట. "అయితే సరే, భోజనానికి రండి" అందట.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన ఏ పదవీ అడగలేదు. ఇంటి వెనక మిగిలిన చిన్న చెక్కలో చిక్కుళ్ళు వేసుకునేవాడు. మోకాలు వంగేది కాదు. నేను వేరే కాన్సల్‌ల ముందు నడుస్తూనే ఉన్నాను. ప్రతి వేసవికీ ఒర్టెలా వైపు ఎవరో ఒకరు పోయేవారు. ఒక ఏడు కొండ మనది, ఒక ఏడు వాళ్ళది. దాని ఇళ్ళు ఎన్నిసార్లు తగలబడ్డాయంటే, చివరికి అక్కడివాళ్ళు పైకప్పుకు గడ్డి తప్ప ఇంకేదీ వేయడం మానేశారు.

ఒకసారి వోల్స్కీలు ఆనియో దాటి ఊరి గోడకు కనుచూపు మేర దాకా పంటలు తగలబెట్టారు. పొగ వాసన బజారులోకి వచ్చింది. గ్రాంటియస్ అప్పటికి బాగా ముసలివాడైపోయాడు, నలుగురు మోస్తే, సభ పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను కూడా ఆ గుంపులోనే హోస్టస్ ఇంటికి వెళ్ళాను.

ఆయన చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. ఒపీలియా తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మళ్ళీ ఏం కావాలి తమకు? పొలం పోయింది, తమ్ముడు పోయాడు, ఈయన మోకాలు పోయింది. పోవడానికి ఇంకేం ఉందని వచ్చారు?"

"అమ్మా, ఊరు తగలబడుతోంది" అన్నాడు గ్రాంటియస్. "జనం ఎవరి మాటా వినడం లేదు. హోస్టస్ ఒక్కసారి అరుగెక్కి..."

"కాన్సల్‌గా వస్తాను" అన్నాడు హోస్టస్, తల ఎత్తకుండానే. "మాట మాత్రం ఇవ్వను."

"మాట ఇవ్వకపోతే ఎవరొస్తారు?"

"రాకపోతే రారు."

ఒపీలియా ఆయన వైపు తిరిగింది. "లేవడానికే ఇద్దరు పట్టుకోవాలి. యుద్ధానికి ఎలా పోతారండీ?"

"ఆ ఇద్దర్నీ తీసుకుపోతాను" అన్నాడు. అందులో ఒకణ్ణి నేనే.

మూడోసారి ఆయన అరుగెక్కినప్పుడు మైదానం నిండిపోయింది. రెండు వైపులా పట్టుకుని ఎక్కించాం.

"మీకు ఇస్తానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంతకుముందు రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ జరగలేదు. ఈసారి గెలిచినా ఏమీ రాకపోవచ్చు. వచ్చేవాళ్ళు రండి."

ఎవడో పకపకా నవ్వాడు. "భలే దొర! పెళ్ళికి పిలిచి, తిండి లేదంటాడేంటి!"

ఒక ఆడమనిషి ఏడుస్తూ తిట్టింది. ఆమె ఎవరిని పోగొట్టుకుందో నాకు తెలియదు. హోస్టస్ ఆమె తిట్లు పూర్తయ్యేదాకా వింటూ నిలబడ్డాడు. తర్వాత మామెర్కస్ కొడుకు ముందుకొచ్చాడు. తండ్రి పోలికే, మాటా అంతే.

"మా పొలాలు తగలబడుతున్నాయి, అందుకని వస్తున్నాం. నీ మొహం చూసి కాదు."

"అది చాలు" అన్నాడు హోస్టస్.

వోల్స్కీలను ఆనియో అవతలికి నెట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. వాళ్ళూ అలసిపోయే ఉన్నారు. తరుముతూ పోయి మళ్ళీ అదే కొండ కింద ఆగాం. సైన్యం ఆయన చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తోంది. ఆయన గుర్రం దిగి, ఒక బండమీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. ఎక్కమనలేదు. ఒక మనిషిని పైకి పంపాడు, మాట్లాడటానికి ఎవరైనా దిగి రమ్మని.

దిగి వచ్చినవాడి పేరు వేలస్. ఒర్టెలా పెద్ద అతను. హోస్టస్ ఈడువాడే. ఎడమ చేతికి మూడు వేళ్ళు లేవు. మన భాష కొండయాసతో మాట్లాడేవాడు.

"మొదటిసారి మా గోడ కూల్చింది నువ్వేగా?" అన్నాడు వేలస్.

"నేనే."

"మా అన్న దాని కిందే ఉండిపోయాడు."

"ఈ కింద మైదానంలోనే నా భార్య తమ్ముడు పోయాడు."

వేలస్ తలూపి, పక్కన నేలమీద చతికిలబడ్డాడు. "ఇప్పుడేంటి మరి? ఎక్కుతారా? ఎక్కండి. పైన తగలబెట్టడానికి గడ్డి తప్ప ఏం లేదు. మళ్ళొచ్చే ఏడు మావోళ్ళొత్తారు. ఆ పైయేడు మీవోళ్ళొత్తారు. నేనుండను, నువ్వుండవు. ఆళ్ళు మాత్రం వత్తానే ఉంటారు."

"గోడ కట్టకండి" అన్నాడు హోస్టస్. "మేమూ కాపలా పెట్టం. కింద నేల మీవాళ్ళు సగం, మావాళ్ళు సగం దున్నుకుంటారు. ఊట ఇద్దరిదీ. దొరల మందలు మాత్రం దిగకూడదు."

"మీ సభ ఒప్పుద్దా?"

"తెలియదు."

వేలస్ నవ్వాడు. ముందుపళ్ళు లేవు. "ఒప్పుద్దని చెప్పుంటే లేచి పోయేవోణ్ణి" అన్నాడు. ఇద్దరూ ఒక పందిని బలిచ్చి ప్రమాణం చేశారు. ఆ మాంసం రెండు వైపులవాళ్ళూ తిన్నారు. మామెర్కస్ కొడుకూ, మరికొందరూ ఆ శరదృతువులోనే అక్కడ నాగళ్ళు పెట్టారు.

సభ మండిపడింది. మందలున్నవాళ్ళు అందరికంటే ఎక్కువ మండిపడ్డారు. విజయోత్సవం ఊసే ఎత్తలేదు. హోస్టస్ పదవి దిగగానే సామాన్యుల తరఫున ఎన్నికైన సెర్టోర్ అనేవాడు ఆయన మీద నేరం మోపాడు. రక్తం పోసి గెలిచిన నేలలో సగం శత్రువుకు అప్పగించాడని, వోల్స్కీల దగ్గర ఏదో పుచ్చుకున్నాడని. సెర్టోర్ వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

విచారణ రోజు ఆయన మాసిన బట్టలు కట్టుకోలేదు. నేరం మోపబడ్డవాళ్ళు జాలి కోసం అలా కడతారు. ఉతికిన తెల్లబట్ట కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. సెర్టోర్ చాలాసేపు మాట్లాడాడు. మంచి వక్త. హోస్టస్ వంతు వచ్చింది.

"నేనేం పుచ్చుకోలేదు. కొండ ఎక్కించే ఓపిక లేక ఆగాను. అంతకంటే చెప్పేదేం లేదు" అన్నాడు.

జనం ఓట్లు వేయడం మొదలుపెట్టారు. కొన్ని గుంపులు ఆయన వైపు, కొన్ని అటు. ఆనియో ఒడ్డువాళ్ళు ఆయన వైపే వేశారు. చాలామంది అసలు రాలేదు. సగం ఓట్లు పడేసరికి ఎటు మొగ్గుతుందో తేలలేదు. ఆయన లేచాడు.

"ఎక్కడికయ్యా? ఇంకా అవలేదు" అన్నాను.

"వాళ్ళు తేల్చేదాకా కూర్చోలేను వొలేరో. తీర్పుకు ముందే ఊరు వదిలిపోయే హక్కు ప్రతివాడికీ ఉంది కదా. ఒపీలియాను మూట కట్టుకోమను."

అలా వాళ్ళిద్దరూ ప్రెనెస్టే అనే పొరుగూరికి పోయారు. ఊరి ద్వారం దాకా నేనూ వెళ్ళాను, బెత్తాలు లేకుండా. అలవాటు కొద్దీ ఆయన ముందే నడిచాను. "పక్కకి రారా, నీ వీపు చూసి చూసి విసుగొచ్చింది" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన పక్కన నడిచాను.

మరుసటి ఏడు కొత్త కాన్సల్ ఒప్పందం చెల్లదని చెప్పి ఒర్టెలా మీదికి పోయాడు. ఆయన ముందు నడిచింది నేనే. పైన గోడ లేదు కాబట్టి తేలిగ్గా పడింది. వేలస్ తన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. లేవలేదు, అక్కడే పొడిచేశారు. కింద నేలలో మొలకెత్తిన గోధుమను గుర్రాలు తొక్కేశాయి. మామెర్కస్ కొడుకు ఆ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. నన్ను చూసి ఉమ్మేశాడు. ఆ తర్వాత నేను బెత్తాలు దింపేసి, ఆ పని మానేశాను.

ప్రెనెస్టే వెళ్ళి ఆ కబురు నేనే చెప్పాను. ఆయన వాకిట్లో ఎండలో పడుకుని ఉన్నాడు.

"వేలస్?"

చెప్పాను.

కళ్ళు మూసుకున్నాడు. "వొలేరో, ఈ దుప్పటి కాస్త కాళ్ళ మీదికి లాగు" అన్నాడు. నేను అక్కడే ఉండిపోయాను. నీళ్ళు మోయడానికి, ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి ఎలాగూ.

చలి తగ్గకముందే ఆయన పోయాడు. జావ తాగి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఆ కబురు రోముకు చేరగానే, గ్రాంటియస్ అన్న మనవడు ఒక బండినీ, నల్లబట్టల మనుషులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. గ్రాంటియస్ అప్పటికే పోయాడు. ఈ కుర్రదొర గుమ్మం ముందు తలవంచి నిలబడ్డాడు. సభ ఆయన మీద నేరాన్ని కొట్టేసిందనీ, శవాన్ని రోముకు తీసుకువెళ్ళి బజారు మైదానంలో, అదే అరుగు మీద ఉంచి, ఊరందరి ముందూ గొప్పగా సాగనంపుతామనీ చెప్పాడు.

ఒపీలియా అతని మొహంలోకి చూసింది. "పొలాల మీదికి మళ్ళీ ఎవరైనా వచ్చారా నాయనా?"

అతను తడబడ్డాడు. "వోల్స్కీలు... వేసవికి వస్తారని అంటున్నారు అమ్మా. జనం పేర్లు చెప్పడం లేదు. హోస్టస్‌గారిని ఒక్కసారి చూస్తే..."

"బతికున్నన్నాళ్ళూ మీరే వాడుకున్నారు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇక ఆయన్ని నిద్రపోనివ్వండి."

తలుపు వేసేసింది. బండి వీధిలో చాలాసేపు ఆగి, తర్వాత ఖాళీగా వెనక్కి పోయింది. సాయంత్రం పొరుగింటివాళ్ళు నలుగురు వచ్చారు, నేనొకణ్ణి. ఊరి బయట ఆలివ్ చెట్ల మధ్య చితి పేర్చి ఆయన్ని కాల్చాం. కట్టెలు తడిగా ఉండి తొందరగా అంటుకోలేదు. ఒపీలియా పక్కన కూర్చుని, పొగ కళ్ళల్లోకి వస్తున్నా జరగకుండా, మంట నిలిచేదాకా ఊదుతూనే ఉంది.